ఏడుపుకు మార్కులు

మా బస్తీలో ఏడుపుకు మార్కులు వేసే మనిషి పోయిన నెల చచ్చిపోయింది. స్వర్గానికి వెళ్ళిందని మర్యాదకు రాయొచ్చు. కానీ స్వర్గంలో ఎవరూ ఏడవరంటారు, మరి అక్కడ ఆమెకేం పని?

నేను ఏడవలేదు. ఏడ్చినా ఆమె ఒప్పుకునేది కాదు. "ముక్కుతోని ఏడుస్తున్నవ్‌ర, కడుపులకెళ్ళి రావాలె" అని పాడె మీది నుంచే అనేది. టెంటు మాత్రం వేశాను. చంద్రపూర్‌లో మాది మండప్ సామాను దుకాణం. పెళ్ళికి రంగు గుడ్డ, చావుకు తెల్ల గుడ్డ, కుర్చీలు మాత్రం రెంటికీ అవే. మరాఠీ బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆ తరువాత బడికి నేనూ, నాకు బడీ అక్కర్లేదని ఇద్దరం ఒకేసారి తెలుసుకుని విడిపోయాం. అప్పటి నుంచి బస్తీలో ఎవరు పోయినా డాక్టరు తరువాత కబురు నాకే. నేను వాసాలు దించుకుంటూ ఉండగానే ఆమె వచ్చేసేది. ఆమెకు కబురు ఎవరు చేసేవాళ్ళో ఈనాటికీ తెలియదు.

బొగ్గు గనుల పనికని రాజురా వైపు నుంచీ ఆదిలాబాద్ వైపు నుంచీ వచ్చి ఉండిపోయిన తెలుగువాళ్ళ బస్తీ మాది. ఆమె ఎవరికీ చుట్టం కాదు, అందరికీ పెద్దమ్మ. ఎండుకట్టెలాంటి మనిషి. కళ్ళకు దారంతో కట్టిన చశ్మా. ముందుగా చెంబెడు నీళ్ళు తాగేది. చశ్మా తీసి రవికెలో పెట్టుకునేది. తరువాత కొప్పు విప్పేది. కొప్పు విప్పిందంటే గోడ మీది పిల్లి కూడా దిగిపోయేది. అప్పుడు మొదలయ్యేది శోకం.

శోకం తీయడం అంటే ఊరికే ఏడవడం కాదు. పోయిన మనిషిని పేరు పెట్టి పిలవాలి, అతను చేసిన మంచి ఒక్కొక్కటీ తలచుకోవాలి, రాగం తప్పకూడదు. ఆమె మంచితో ఆగేది కాదు. బతికున్నవాళ్ళ చెడ్డ కూడా అదే రాగంలో కలిపేది. ఒకసారి ఒకతను అన్న శవం మీద ఇంత లావు దండ వేశాడు. వేసి చెయ్యి తీయకముందే ఆమె అందుకుంది:

"ఎనిమిదేండ్లు నీ గడప తొక్కని తమ్ముడు ఇయ్యాల పూలు పట్టుకొని వచ్చిండు కొడుకా! నీకు కండ్లు మూతబడ్డంక కనబడతందుకు వచ్చిండు కొడుకా!"

అతను దండ సర్దుతున్నట్టు అక్కడే వంగిపోయాడు, మళ్ళీ లేవలేదు. మధ్యలో ఆమె టక్కున ఆపి, మామూలు గొంతుతో "చాయ్ పెట్టిండ్రా లేదా?" అని అడిగి, పెట్టారంటే మళ్ళీ అదే స్వరం దగ్గర పట్టుకునేది. ఆ విద్య నాకు ముచ్చటగా ఉండేదని ఒప్పుకుంటున్నాను. అంతవరకే.

శవం లేచాక అసలు పని. గోడకానుకుని కూర్చుని, పళ్ళకు పొగాకు మిశ్రీ రుద్దుకుంటూ తీర్పులు చెప్పేది. చిన్న కోడలిది పావలా ఏడుపు. పెద్ద కోడలు అత్త పోయిన ఆర్నెల్లకు ఏడ్చే రకం. కూతురిది పన్నెండణాలు, "రాగం ఉన్నది గని మాట లేదు". పదహారణాల ఏడుపు అన్న మాట ఆమె నోట నేను రెండుసార్లో మూడుసార్లో విన్నాను. ఆ అణాలను బస్తీ అంతా ఏళ్ళ తరబడి గుర్తు పెట్టుకునేది. ఫలానా ఆమె ఎవరంటే, "గదే, మొగడు పోతే పావలా ఏడ్చింది గద" అనేవాళ్ళు. పదో తరగతి తప్పినవాడికి మళ్ళీ పరీక్ష ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. మొగుడు ఒక్కసారే చస్తాడు.

ఈ మనిషి మీద నా కోపం మా అన్నయ్య పోయిన రోజు నుంచి.

అన్నయ్య గనిలో డంపర్ నడిపేవాడు. డ్యూటీలో ఉండగానే గుండె ఆగింది. ఇంటికి తెచ్చారు. వదిన అతని కాళ్ళ దగ్గర కూర్చుంది. కూర్చుని ఉండిపోయింది. ఒక్క చుక్క లేదు, ఒక్క మాట లేదు. పెద్దమ్మ వచ్చింది, నీళ్ళు తాగింది, చశ్మా తీసింది, కొప్పు విప్పింది. రెండు చరణాలు అయ్యాక చూస్తే పక్కన వదిన గొంతు కలవడం లేదు. భుజాలు పట్టుకుని ఊపింది.

"ఏడువ్ బిడ్డా! మనసుల పెట్టుకోకు, ఏడువ్!"

వదిన నా వైపు తిరిగి అన్నది: "ఆయన అన్నం డబ్బా ఇంకా గన్లనే ఉన్నది తమ్మీ. ఎవల్నన్న పంపి తెప్పియ్. కూర పాడైతది."

ఆ రోజు మొత్తానికి వదిన మాట్లాడింది ఆ ఒక్కటే. పెద్దమ్మ చేతులు తీసేసింది. లేచి నిలబడింది. నేను కట్టిన టెంటు కింద, నేను పరిచిన తాటిపత్రి పట్టా మీద, అందరూ వింటుండగా తీర్పు చెప్పింది.

"ఇది రాయి. రాయికి పసుపు రాసి మన పోరనికి కట్టిండ్రు."

అణాలు కూడా లేవు. సున్న.

డ్యూటీలో పోయిన మనిషి ఇంట్లో ఒకరికి గనిలో నౌకరి ఇస్తారు. వదినకు ఇచ్చారు, క్యాంటీన్ ఊడ్చే పని. దానికీ పెద్దమ్మ దగ్గర మాట తయారుగా ఉంది. "ఏడ్వకుంటెనే రాయికి నౌకరి దొరికింది. ఏడ్చెటోళ్ళకు ఏం దొరుకుతది?" అది నల్లా దగ్గర, రేషన్ లైనులో, షేరింగ్ ఆటోలో తిరిగి తిరిగి, చివరికి మా వదిన మొగుడి చావు కోసమే కాచుకుని కూర్చుంది అన్నంత దాకా వచ్చింది. వదిన ఎవరికీ జవాబు చెప్పలేదు. చెప్పకపోవడం కూడా రాయి లక్షణమే అన్నారు.

అన్నయ్య కూతురు అప్పటికి బడిలో ఉంది. పెద్దదై, పుణెలో కెమెరా చదువు చదివి, స్నేహితులను పోగేసుకుని, తల్లి మీదనే సినిమా తీసింది. గంటన్నర సినిమా. మొగుడు పోయిన ఆడది ఇల్లు ఊడుస్తుంది, డబ్బా కడుగుతుంది, పనికి పోతుంది. అంతే. వేషం వేసినామె గోండ్‌పిప్రి వైపు నాటకాల మనిషి. స్టేజి మీద ఆమె ఏడిస్తే పక్క ఊరి వాళ్ళు అన్నం వదిలేసి వచ్చేవాళ్ళట. అలాంటి మనిషికి నోరు మూసుకోవడం నేర్పడానికే మూడు రోజులు పట్టిందని పిల్ల చెప్పింది.

పెద్ద ఊళ్ళలో చూపించారు. పేపరువాళ్ళు మెచ్చుకున్నారు. ఒక మరాఠీ పేపరు కత్తిరింపు పిల్ల నాకు పంపింది. ఈ సినిమాలో నిశ్శబ్దం ఊపిరి పీలుస్తుంది అని రాశాడు అందులో. నిజమే. నాకు మొదటిసారి ల్యాప్‌టాప్‌లో చూపించినప్పుడు ఆ ఊపిరి నేనూ విన్నాను. అది నాదే, గురక. కళ్ళు తెరిచేసరికి పేర్లు పడుతున్నాయి. "ఎట్లున్నది కాకా?" అంటే "ఆఖరు మస్తుగున్నది" అన్నాను. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీ ఫోన్ల వేస్త, మళ్ళ చూడు" అని వేసి ఇచ్చింది.

పేపర్ల మెప్పుతో పిల్లకు తృప్తి లేదు. ఆమె ఆ సినిమా తీసింది పుణె వాళ్ళ కోసం కాదు.

"బస్తీల చూపియ్యాలె కాకా. ఎవరెవరు మా అమ్మను రాయన్నరో వాళ్ళందరు కూసొని చూడాలె. గామెను ముంగట కూసోబెట్టాలె."

"గామె చూసేటందుకు రాదు బిడ్డా, మార్కులు ఏసేటందుకు వస్తది."

"ఏయనీ. ఆఖరు దాకా చూసి ఏయనీ."

ఒక ఆదివారం పొద్దున సమాజ్ మందిర్ హాల్లో పెట్టాం. తెర నాదే, చావులకు కట్టే తెల్ల గుడ్డ. కిటికీలకు పెళ్ళి గుడ్డలు. బస్తీ మొత్తం వచ్చింది, మా వాళ్ళ సినిమా అని కొత్త చీరలు కట్టుకుని మరీ. వదిన వెనక వరసలో కూర్చుంది. పెద్దమ్మ మొదటి వరసలో, నడుమ కుర్చీలో.

సినిమా మొదలై పది నిమిషాలైంది. తెర మీద ఆడమనిషి గిన్నెలు కడుగుతోంది.

"ఏమైంది‌ర టెంటోడా? సౌండు పోయిందా?"

"పోలేదు పెద్దమ్మా, వస్తుంది. నల్లా కారుతున్న సప్పుడు, ఇనబడతలేదా?"

"మరి బందు చెయ్యమను‌ర దాన్ని! నీళ్ళు గట్లనే పోతున్నయ్."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. పిల్ల నవ్వలేదు. అక్కడి నుంచి ప్రతి దృశ్యానికీ ఒక మాట. తెర మీది ఆడది గోడకేసి చూస్తుంటే, "గోడకు సున్నం వెయ్యాల్నా?" ఆమె మొగుడి చొక్కా మడత పెడుతుంటే, "ఇస్త్రీ చేసి అమ్ముతదేమొ." పేపర్లు పేజీలు నింపిన చోటల్లా పెద్దమ్మ ఒక్కో ముక్కతో గాలి తీసేసింది. చెప్పకూడదు గాని, కొన్ని నాకూ తోచినవే. ఆమె ముందు అనేసింది.

సగం దాటింది. తెర మీద ఆడది చనిపోయినవాడి డబ్బాలో అన్నం సర్ది, మూత పెట్టి, తలుపు దగ్గర పెట్టింది. హాలు నిజంగానే మెత్తబడింది. ముక్కులు చీదిన చప్పుడు రెండు మూడు విన్నాను. ఇదిగో, ఇప్పుడు సినిమా పట్టుకుంటుంది అనుకున్నాను. అప్పుడే ముందు వరసలో పెద్దమ్మ చశ్మా తీయడం కనబడింది. కొప్పు విప్పింది.

"వద్దు పెద్దమ్మా" అని నేను అనేలోపే రాగం లేచింది. సినిమాలో చనిపోయినవాడికి పేరు లేదు. పెద్దమ్మ మా అన్నయ్య పేరు పెట్టి పిలిచింది.

"నీ పెండ్లాం ఏడ్వకపోతే నేను ఏడుస్తున్న కొడుకా! నీ బిడ్డ నిన్ను తెల్లగుడ్డ మీద సర్కస్ ఆడిస్తుంది కొడుకా!"

ఆడవాళ్ళకు అలవాటు. ఆమె ఎత్తుకుంటే అందుకోకుండా ఉండలేరు. ఒక వరస, రెండో వరస, మొత్తం హాలు. ఎప్పుడెప్పుడు పోయినవాళ్ళ పేర్లో అన్నీ లేచాయి. పిల్ల నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"కాకా, సౌండ్ పెంచు!"

"ఏం పెంచాలె బిడ్డా? నల్లా తప్ప ఏం లేదు!"

అయినా పెంచాను. చుక్క పడితే రేకు మీద సుత్తి పడ్డట్టు మోగింది. ఏడ్చేవాళ్ళకు అది తాళమైంది. పిల్ల ప్రొజెక్టర్ వైరు తనే లాగేసింది. గంటన్నర సినిమాలో బస్తీ చూసింది గంట కూడా కాదు.

వెలుతురు వచ్చాక అందరూ కళ్ళు తుడుచుకుని, కడుపు నిండినట్టు కూర్చున్నారు. వదిన వెనక నుంచి నడుచుకుంటూ వచ్చి ఆమె ఎదురుగా నిలబడింది.

"నా వంతు ఏడుపు గూడ నువ్వే ఏడ్చినవ్ గద అత్తమ్మా. అప్పుడు ఏడ్చినవ్, ఇప్పుడు ఏడ్చినవ్. నాకేం మిగిల్చినవ్?"

"నీది నేనెందుకు ఏడుస్త?" అని కొప్పు ముడేసుకుంటూ అన్నది పెద్దమ్మ. "నీది నీ సందుగల తాళమేసి ఉన్నది. తియ్యవైతివి."

వదిన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. పిల్ల మర్నాడు పుణె బస్సెక్కింది. నేను కుర్చీలు ఎత్తుతుంటే ఒకాయన భుజం తట్టి, "సిన్మ మంచిగనే ఉన్నది గని, పెద్దమ్మ లేకుంటే బోరు కొడుతుండె" అన్నాడు.

ఇక్కడితో ఆగితే ఆమె ఒక దుర్మార్గపు ముసలిది, అంతే. కానీ పదిహేను రోజుల తరువాత నా దుకాణానికి వచ్చింది.

"ఆఖర్న ఏమైతది‌ర?"

"దేని ఆఖర్న?"

"గా నల్లా సిన్మల."

ఎవరి సినిమానైతే ముంచేసిందో దాని ముగింపు ఆమెకు నిద్ర పట్టనివ్వడం లేదు. నాకు పండగైంది. సినిమాలో ఆడది కంపౌండరును పెళ్ళి చేసుకుంటుందని చెప్పాను. నమ్మలేదు. "మల్ల పెండ్లి చేసుకునెటిది డబ్బా ఎందుకు కడుగుతది‌ర?" అని వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది. మొగుడు పులిగా పుట్టి వచ్చి ఇంటి వెనక కూర్చుంటాడని చెప్పాను. మా జిల్లాలో పులి అంటే ఎవరైనా నమ్ముతారు. ఆమె నమ్మలేదు.

మూడోసారి మే నెలలో వచ్చింది. మా ఊరి మే ఎండలో కాకి కూడా రెక్క విప్పదు. కర్ర పట్టుకుని, తల మీద తడిగుడ్డ వేసుకుని వచ్చి, బోర్లించిన వంట డేక్సా మీద కూలబడింది. నీళ్ళిచ్చాను. తాగింది. చశ్మా తీయలేదు.

"పరాచికాలు వద్దు బిడ్డా. ఒక్కటే చెప్పు. ఆఖర్న ఏడుస్తదా?"

చెప్పడానికి నాకు తెలిస్తే కదా! సినిమా నా జేబులోనే ఉంది, ఫోనులో. తీసి చూపిస్తే సరిపోయేది. కానీ ఆమెను చూస్తుంటే నాకు తాటిపత్రి మీద కూర్చున్న వదినే కనబడింది.

"ఏడ్వదు. నవ్వుతది."

ఆమె నోరు మూతబడటం నేను చూసింది అదే మొదలు.

"మెల్లగనా?"

"పగలబడి."

కర్ర అందుకుని లేచింది. ఎండలోకి వెళ్ళిపోయింది. బస్తీ విమర్శకురాలి నోరు మూయించానని ఆ రోజు నేను రెండు చాయ్‌లు ఎక్కువ తాగాను.

పొద్దు గూకేలోపు బస్తీ అంతా తెలిసింది. "ఆఖర్న పగలబడి నవ్వుతదట. సొంత బిడ్డనే తీసింది గద, తల్లి సంగతి బిడ్డకు తెల్వదా?" రాయి అనే మాటే నయం అనిపించేలా చేశారు. వారం తరువాత వదిన దుకాణానికి వచ్చింది.

"ఈ నవ్వు ఎవలు పుట్టించిండ్రు తమ్మీ? పోరి నేను తియ్యలే, తియ్యలే అని ఫోన్ల ఏడుస్తుంది."

నేను తాడు ముడి విప్పుతూ, "ఎవలో తిన్నది అరగక అన్నరు, ఇడువు వదినా" అన్నాను. పెద్దమ్మకు వెళ్ళి నిజం చెప్పాలనుకున్నాను. పెళ్ళిళ్ళ ముహూర్తాలు, టెంపో రిపేరు, అదీ ఇదీ. నేను వెళ్ళేలోపు ఆమె వెళ్ళిపోయింది.

ఆమె చావుకు ఆడవాళ్ళు చాలామంది వచ్చారు. ఎవరు మొదలుపెట్టాలో తెలియక చాలాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. మొత్తం కలిపి పావలా కూడా కాలేదు.

మర్నాడు టెంపో కోసం కాచుకుని దుకాణంలో కూర్చున్నప్పుడు ఫోను తీసి సినిమా చూశాను. ఈసారి మెలకువగా, మొత్తం. ఆఖర్న ఆ ఆడది గని క్యాంటీన్ వెనకకు వెళ్తుంది. మా గనుల్లో మధ్యాహ్నం బ్లాస్టింగ్‌కు ముందు సైరన్ మోగుతుంది, అందరూ దూరం జరుగుతారు. సైరన్ మొదలైంది. ఆమె పంపు గదికి వీపు ఆనించి నోరు తెరిచింది. మెడ నరాలు లేచాయి, రొమ్ము కొట్టుకుంది. వినబడేది సైరన్ ఒక్కటే. అది ఆగింది. ఆమె నోరు మూసింది. కొంగుతో ముఖం తుడుచుకుని చీపురు తీసుకుంది. మర్నాడు మళ్ళీ సైరన్. మళ్ళీ ఆమె. ఆ పై రోజు మళ్ళీ.

ఫోను జేబులో పెట్టుకుని నేరుగా వదిన ఇంటికి వెళ్ళాను. కంపౌండరు, పులి, నవ్వు అన్నీ చెప్పేశాను. వదిన బియ్యం ఏరుతూ వింది.

"డబ్బా ఇయ్యనీకి వచ్చి పోరి ఎప్పుడు చూసిందో నాకు తెల్వదు" అంది మొదట. చాట ఒకసారి కుదిపి అడిగింది: "గా ఎండల వచ్చిందా ముసలామె?"

"వచ్చింది."

"ఏడుస్తదా అని అడిగిందా?"

"అడిగింది వదినా."

"అవును అంటే అయిపోతుండె గద తమ్మీ. ఒక్క మాట."

చాటలోంచి ఒక రాయి తీసి పారేసి, తల దించుకుని మళ్ళీ ఏరసాగింది.

అక్కడి నుంచి రేషన్ దుకాణానికి వెళ్ళాను. లైనులో బస్తీ ఆడవాళ్ళందరూ ఉన్నారు. ఆ సినిమాలో నవ్వు లేదు, అది నేను పుట్టించిన అబద్ధం, ఆఖర్న ఆమె ఏడుస్తుంది, రోజూ ఏడుస్తుంది అని గట్టిగా చెప్పాను. ఫోను తీసి పట్టుకున్నాను. ఎవరూ చెయ్యి చాపలేదు. మా పక్కింటామె నవ్వి, బస్తా సంచి చంకలో సర్దుకుంది.

"సచ్చినామె మీదకు గూడ తెచ్చినవ్ గదర నీ పరాచికాలు! మీ వదిన కోసరం చెప్తున్నవ్, మాకు తెల్వదా? పెద్దమ్మ అబద్ధం ఆడుతదా? నువ్వంటే ఆడుతవ్ గని."

లైను ముందుకు జరిగింది.

ఆమె అన్నది నిజమే. పెద్దమ్మ బతికినన్నాళ్ళూ ఒక్క అబద్ధం ఆడలేదు. నేను చెప్పిందే చెప్పింది.